ముప్పై రోజులు ఉచితం

బటూమిలో ఏడో రోజూ ముసురే.
నల్లసముద్రం నల్లగా లేదు,
కడిగి ఆరబెట్టని పలకలా ఉంది.
ఆసుపత్రి నుంచి వచ్చి, తడి బూట్లు హీటరు పక్కన పెట్టి
కంప్యూటర్ ముందు కూర్చున్నాను.
ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకోవాలి.
ఇదేమన్నా పెళ్లి సంబంధమా అత్తా, అంటాడు దాతో.
పెళ్లికి ఇంత ఆలోచించలేదురా, అన్నాను.

పరీక్షకి అన్నిటికీ ఒకటే ఫోటో:
రొట్టెల కొట్టు సియాలా.
పడవలాంటి రొట్టె నడుమ గుడ్డు కొట్టబోతూ
ఒక్క క్షణం తలెత్తింది.
వెనక ఆవిరి. కిటికీలో వాన.
ముంజేతి మీద కాలిన మచ్చ,
పొయ్యి అంచు ఎంత వంపో అంత వంపుగా.

మొదటిది అద్దె ఇల్లు.
కట్టడం మానేసిన నెల
నా ఫోటోలు తాళం పడ్డ గదిలో సామాను.
పనితనం మాత్రం, అబ్బ!
నీడలో కలిసిపోయిన ఆవిరిని
వెన్న మీద గోటిగీతలా విడదీసి చూపింది.

రెండోది ఒకేసారి కొనెయ్యొచ్చు.
ధర చూశాక
నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్న చలికోటు గుర్తొచ్చింది.
తెరిచానో లేదో నా పాత యంత్రం
మేడ మెట్లెక్కిన కుక్కలా రొప్పింది.

మూడోది ఫోన్‌లోది. ఒక్క నొక్కుకి
వాన ఆగిపోయింది.
మంగళవారపు ముసురు మీద
నారింజ రంగు సాయంత్రం పరిచేసింది.
ఆ సూర్యుడు ఏ ఊరివాడో.
సియాలా చెంపలు నున్నబడిపోయి
చేతిలో గుడ్డుకీ ఆవిడకీ తేడా లేదు.

నాలుగోది ఊరికే ఇస్తారు.
ఎవరెవరో, ఎక్కడెక్కడో, రాత్రిళ్లు కూర్చుని కట్టినది.
సగం మెనూ మా భాషలో, సగం ఎవరి భాషలోనో.
కత్తెర కోసం వెతికితే బకెట్ దొరుకుతుంది.
మూడు సాయంత్రాలు తిట్టాను దాన్ని,
సొంత మనిషిని తిట్టినట్టు.

అన్నిటిలోనూ ఒక కుంచె ఉంది.
గాయం మాన్పే కుంచెట.
దాతో నా భుజం మీంచి చెయ్యి చాపి
సియాలా ముంజేతి మీద ఒక్కసారి రాశాడు.
మచ్చ లేదు.
పక్క చర్మాన్ని అరువు తెచ్చి కప్పేసింది.
బాగుంది కదత్తా.

నేనేం చెప్పను?
ఇరవై రెండేళ్లుగా ఎక్స్‌రే గదిలో
నేను తినే తిండి మచ్చలు పెట్టిందే.
బూడిద రంగులోంచి బూడిద రంగుని
వేరు చేసి చూడటం నా కొలువు.
ఊపిరితిత్తిలో గోరంత తెల్లదనం కనపడితే
మళ్లీ నిలబెడతాను, మళ్లీ ఊపిరి బిగబట్టమంటాను,
డాక్టర్ నోనాకి ఫోన్ చేస్తాను.
చెరిపేసే బటన్ అక్కడ ఎవరూ పెట్టలేదు.
పెట్టి ఉంటే
ఒక్కోరోజు, ఒక్కో మనిషికి, నొక్కేదాన్నేమో.

మర్నాడు రెండు ప్రింట్లు కోటు లోపల దాచుకుని వెళ్లాను.
పిండి చేతులు తుడుచుకుని వచ్చింది సియాలా.
మచ్చ లేనిది ముందు పెట్టాను.
చాలాసేపు చూసి అడిగింది:
ఇది నా ఏ చెయ్యి?
పనిలో చేరిన మొదటి రోజు కాలిందట, పంతొమ్మిదో ఏట.
దారి అడిగినవాళ్లకి
దాన్ని చూసుకునే చెబుతుందట
కుడికి తిరగాలో ఎడమకి తిరగాలో.
రెండో ప్రింటు తీసుకుంది.
మొదటిదాని మీద వేడి రొట్టె పెట్టి నాకిచ్చింది.

ఊరికే ఇచ్చేదాన్నే ఉంచుకున్నాను.
పెద్ద కారణమేం లేదు.
చేసిన ప్రతి పనీ అందులో ఓ పక్కన వరుసగా రాసి ఉంటుంది,
కొట్లో అప్పుల పుస్తకంలా.
వెనక్కి, ఇంకా వెనక్కి నొక్కుకుంటూ పోతే
వాన మళ్లీ మొదలవుతుంది.

అద్దెదాని ముప్పై రోజులు ఆదివారంతో సరి.
ఆ ఆవిరి గీత మాత్రం గుర్తొస్తూనే ఉంటుంది,
అబద్ధమెందుకు.
నోనా ఫోన్: రేపు ఎనిమిదింటికే నలుగురున్నారు, త్వరగా రా.
హీటరు పక్కన
ఒక బూటు ఆరింది. ఒకటి ఆరలేదు.