రెండు వందల పదహార్లు

కొత్తవాడలో మా ఇంటామెకు
నా కంప్యూటర్ మీద అనుమానం.
"ఊకెనే ఉంటదంటివి, మరి మీటరెందుకు తిరుగుతాంది?"
బాలనర్సమ్మకు సబ్‌మీటరే సాక్షి.
యూనిట్‌కు ఎనిమిది రూపాయలు,
గోడ మీద సుద్ద లెక్కలు.

నేనూ పంతానికి పోయి
హన్మకొండ చౌరస్తాలో ప్లగ్గు మీటరొకటి కొన్న.
అరచేతంత ఉంటది. ఎర్ర అంకెలు.
గ్రాఫిక్స్ కార్డు ఊడబీకి చూసిన: నలభై ఒకటి.
పెట్టి చూసిన: యాభై నాలుగు.
అంటే పదమూడు వాట్లు,
ఏ పనీ లేకుండ, ఫ్యాన్లన్నా కదలకుండ.
కార్డునే అడిగితే తొమ్మిదంటది.
తన తిండి గురించి ఎవరైనా
కొంచెం తగ్గించే చెప్తరు.

"పని చేసేటప్పుడు చూద్దువు రా" అని పిలిచిన.
పరకాల పెండ్లి, ఎనిమిది గంటల ఫుటేజీ.
అప్పగింతల కాడ పిల్ల మేనత్త
కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తాంది.
ఆ ఏడుపును నాలుగింతలు నెమ్మది చేసి
రెండర్ నొక్కిన.
నూట అరవై. రెండు వందల ఇరవై.
మూడు వందల పదకొండు.
అండ్ల కార్డు వంతే రెండు వందల పైమాట.
మూడు ఫ్యాన్లు ఒక్కసారే లేచి
చాటతో చెరిగినట్టు చప్పుడు.
ఒక్క కన్నీటిచుక్క చెంప మీదికెళ్లి గదవకు దిగెటందుకు
భూపాలపల్లి దిక్కునుంచి
తీగల మీద ఇంత నిప్పు నడిచొచ్చింది.
బాలనర్సమ్మ వెనక జాలీ కాడ చెయ్యి పెట్టి
"అన్నం ఉడుకుతది గదరా ఓదెలూ" అన్నది.
మెట్లు దిగుకుంట మళ్ల అన్నది:
"పని చేసి తినెటోన్ని నేనేమన్న.
పని లేనప్పటి సంగతి చెప్పు."

మూఢం వచ్చింది.
రెండు నెలలు లగ్గాల్లేవు.
పాత తెర ఒకటి మూలకు పడుంటే
రెండోదిగా తగిలించిన.
యాభై నాలుగు కాస్తా డెబ్బై ఎనిమిదైంది!
వైరు తీసిన, తగ్గింది. పెట్టిన, పెరిగింది.
ఒక తెరది అరవై లెక్క, ఇంకోదానిది డెబ్బై ఐదు.
రెండిటికీ తాళం కలపలేక
దాని మెమరీ, దాని యాది,
రెప్పపాటన్నా కునుకు తియ్యదట.
"గా రెండో దాంట్ల ఏమున్నది?"
వాట్సాప్ ఉన్నది పెద్దమ్మా.
ఎవరన్న అడుగుతరేమోనని.

పదమూడు కాదు, ఇప్పుడు ముప్పై ఏడు.
ఎదురుచూసుడుకు ఇరవై నాలుగు వాట్లు,
రాత్రీ పగలూ.

కింద ఆమె గుంట మగ్గం.
సొసైటీ నూలు రాక పదకొండు రోజులు.
జంపఖానా మీద నెమలికి
మెడ దాకే వచ్చింది, తలకాయ రాలే.
నేను తెలివికి పోయి
"నీ మగ్గమే నయం, ఖాళీగుంటే సున్న" అన్న.
గుంటల నుంచి కాళ్లు తియ్యకనే నవ్వింది.
"మగ్గానికి సున్న. మరి నాకో?
పొద్దుగాల రెండు రొట్టెలు, పగటీలి ఇంత బువ్వ,
బీపీ గోలి.
నేసిన్నాడూ గంతే, నెయ్యనినాడూ గంతే."
చేతిల మీటరుంది.
ఏడ ప్లగ్గు పెట్టి కొలవాల్నో తెల్వలే.

నెలాఖరుకు లెక్క జేస్తే
కార్డు ఖాళీగ తిన్నది ఇరవై ఆరున్నర చిల్లర,
ఆమె లెక్కల ఇరవై ఏడు.
ఎనిమిది పెట్టి గుణించి
పక్కున నవ్వింది బాలనర్సమ్మ:
"లగ్గాల్లేని నెలల
రెండు వందల పదహార్లు సదివించినవ్ కొడుకా!"
కట్నాల బుక్కుల రాసినట్టే
సుద్దముక్కతో గోడ మీద రాసింది,
పేరు, ఊరు, పై అంతస్తు.

ఆ రాత్రి రెండో తెర వైరు ఊడబీకిన.
ఎర్ర అంకె దిగింది.
ఒక గంట ఆగి
మళ్ల పెట్టిన.
కింది నుంచి ఏదో చప్పుడు.
నూలు లేని మగ్గం కాడ కూసోని
పంజాతో ఒకటి, రెండు దెబ్బలు
ఊకెనే కొట్టి చూసుకుంటాంది.