పచ్చ అంకె, ట్యూబులైటు

చీమకుర్తిలో దుమ్ముకి సెలవుండదు.
షట్టరు సగం దించినా
నా కంప్యూటర్ల కొట్లోకి రోజూ గిరాకీలా వస్తుంది,
బేరమాడకుండా కూర్చుంటుంది.

ఆ రాత్రి బల్ల మీద రెండు గ్రాఫిక్స్ కార్డులు.
ఒంగోలు నుంచి పార్సిల్లో దిగిన కొత్తదానికి
మూడు ఫ్యాన్లు, పెళ్ళి బస్సులా ఒళ్ళంతా లైట్లు.
రెండోది ఏదో క్వారీ ఆఫీసు అమ్ముకున్న పాతది.
విప్పితే రెక్కల మీద బూడిదరంగు పొడి,
టార్చి వేస్తే అందులో గెలాక్సీ రాయి చుక్కలు.
బ్రష్షుతో దులిపాను. తుమ్మింది మాత్రం మౌలాలి.

కొనేవాళ్ళు ఇద్దరు, డబ్బు ఒకే కవర్లో.
మౌలాలి రాళ్ళు కోసే గ్యాంగ్‌సా మీద,
మాలకొండయ్య పాలిషింగ్ లైను చివర.
షిఫ్టులు వేరు, అద్దె గది ఒకటే,
ఒకడు నిద్రపోతుంటే ఒకడు ఆడుకునే పీసీ ఒకటే.

"కొలిచి చెప్పన్నా" అన్నాడు మౌలాలి.
కొలిచాను.
అదే ఆట, అదే వాన కురిసే రేసు రోడ్డు, అదే నాలుగో మలుపు.
తెర మూల పచ్చ అంకె.
కొత్తది నూట ముప్పైకి ఎగిరింది,
పాతది డెబ్బై రెండు దగ్గర గొంతుకూర్చుంది.
"ఇంకేంది చూసేది? కొత్తది బిగించు."
అతని కూలి చదరపు అడుగుల లెక్కన.
అంకె పెరిగితే అన్నం పెరుగుతుంది, అతన్నేమనగలం.

మాలకొండయ్య ఆ మూలకేసి చూడనేలేదు.
కుర్చీ పక్కకి లాక్కుని, మెడ వాల్చి,
తెరని ఏటవాలుగా చూస్తున్నాడు.
"మలుపులో కరెంటు స్తంభం చూడు.
తడబడి నిలబడతా ఉంది."

నాకేం కనపడలేదు. మళ్ళీ పెట్టాను.
నూట ముప్పై నూట ముప్పై నూట ముప్పై

నూట ముప్పై.
అవును, అక్కడ.
మెత్తటి అన్నంలో రాయి పలికినట్టు.

"మా లైను చివర మెరుపు కొలిచే మీటరుంటది" అన్నాడు,
"తొంభై చూపిస్తే పాసంటాడు సూపర్‌వైజరు.
నేను పలకలో ట్యూబులైటు నీడ చూస్తా.
ఆ తెల్లగీత ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా నడవాల.
వణికిందా, ఎంత మెరిసినా మొహం వంకరే.
పోయినేడు తొంభై రెండు చూపించిన పలకలు
కృష్ణపట్నం దాకా పోయి తిరిగొచ్చినయ్."

గిరాకీలకి చూపించని గ్రాఫు అప్పుడు తెరిచాను,
బొమ్మకీ బొమ్మకీ మధ్య ఎంత ఎడముందో చెప్పేది.
పాతది తాడు లాగి కట్టిన గోడ వరస.
కొత్తది కాసేపు పడుకుని, ఉన్నట్టుండి తేలు తోకెత్తినట్టు.
సగటు మర్యాదస్తుడు,
ఇంట్లో గొడవ వీధిలో చెప్పడు.
తప్పు కార్డుదే కాకపోవచ్చు, డ్రైవరుది కావచ్చు,
మా ఊరి వోల్టేజీది కావచ్చు. అదీ చెప్పాను.
కొత్తది అమ్మితే నాకు మూడు వేలు, పాతదానికి ఆరు వందలని
చెప్పలేదు.

మౌలాలి ఒప్పుకోలేదు. "కళ్ళు మోసం చేస్తయ్ రా, అంకె చెయ్యదు."
మాలకొండయ్య మాట్లాడకుండా
జేబులోంచి పలకల అంచుకి వేసే కాగితం టేపు తీసి
పచ్చ అంకె మీద అంటించాడు.
మౌలాలిని బయటికి పంపి కార్డులు మార్పించాడు,
పిలిచి ఆడించాడు, మళ్ళీ పంపాడు, మళ్ళీ పిలిచాడు.
రెండోసారి మౌలాలి నాలుగో మలుపు దాటి
ఐదు, ఆరు, ఏడు
ఆపమన్నా ఆపలేదు. వాన అద్దం మీద జారుతూనే ఉంది.

"ఇదే" అన్నాడు చివరికి, "ఇది చేతికి అడ్డం రావట్లా."

మేమిద్దరం ఏ కార్డో చెప్పలేదు.
ఆరింటి సైరన్ మోగింది, అతను షిఫ్టుకి పరిగెత్తాడు.
ఆరు వందలు జేబులో వేసుకుని షట్టరు పూర్తిగా ఎత్తాను.

టేపు ఇంకా నా కొట్టు తెర మీదే ఉంది.
దుమ్ము పట్టింది. పొద్దునపూట ఎండ ఏటవాలుగా పడితే
కాస్త మెరుస్తుంది.