టాబ్ మీట

కంచరపాలెం పాలిటెక్నిక్, మూడో ల్యాబ్.
కిటికీ తీస్తే హార్బర్ ఉప్పు, మూస్తే ఉక్క.
నూకరత్నానికి పదకొండు చిన్న సీ ప్రోగ్రాములు.
ఒక్కోదానికీ అదే జీసీసీ వరస కొట్టీ కొట్టీ
"ఏటి సార్, రొయ్యలు వలిచినట్టుంది" అంది.

మేక్‌ఫైల్ రాసుకోమన్నాను.
ఏది దేన్నించి పుట్టాలో పై వరస,
ఎలా పుట్టించాలో కింది వరస,
దాని ముందు ఒక టాబ్.

ఆ మీటే దిగదు.
ఎనిమిది ఖాళీలు లెక్కపెట్టి కొట్టింది.
కంటికి అంతే దూరం.
"టాబ్ అనబోయి ఎనిమిది ఖాళీలన్నావా?"
మేకే అడిగింది, ముందుకు కదలకుండా.

సైడు పిన్ను తీసి మీట పెకిలిస్తే
అడుగున ఎండిన చేప పొలుసు.
తన వేళ్లకేసి చూసుకుని నవ్వేసింది.

తర్వాత పదకొండూ ఒక్క మాటకి లేచాయి.
ఏడోదాంట్లో ఒక సున్నా దిద్ది మళ్లీ పిలిస్తే
ఏడోదే లేచింది.

"మా షెడ్డు మేస్త్రీ కంటే నయం సార్,
కడిగిన బుట్టే మళ్లీ కడగమంటాడు."

ఇంకోసారి కొట్టింది.
చెయ్యాల్సిందేమీ లేదంది మేక్.
బెల్లయ్యాక కూడా
ఆ మాట చదువుకోడానికే
మరోసారి కొట్టింది.