అడుగు లేని పెట్టె

ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోట
వంతెన పనికొచ్చి, మా మేడ మీద గదిలో దిగాడు ఒట్టావియో.
నా పేరు గిల్రూత్. అతని నోట్లో అది "జిల్రుత్తా."
లోపల ఏం చేస్తారయ్యా అని అడిగితే
సూపు గిన్నె బోర్లించి నీళ్ల తొట్టిలో నిటారుగా ముంచాడు.
"ఇందులో గాలి. ఆ గాలిలో నేను."
బల్లంతా తడిసింది. తుడిచింది నేనే.

కైసన్, కైసన్ అని ఊరంతా అంటోంది కానీ
అంటే పెట్టె అని అతను చెప్పేదాకా నాకు తెలీదు.
డెబ్బై అడుగుల వెడల్పు. అడుగు మాత్రం లేదు.
నది అడుగే దాని అడుగు.
వీళ్లు తవ్వేకొద్దీ అది దిగుతుంది,
అది దిగేకొద్దీ వీళ్లు తవ్వుతారు.

లోపల ఈల రాదట.
పెదాలు సున్నా చుడతాయి, ఊపిరి పోతుంది, అంతే.
కొవ్వొత్తి ఆకలిగొన్నవాడి కంచంలా ఖాళీ అవుతుంది.
మేస్త్రి గొంతు బాతు గొంతవుతుంది,
ఎవరికీ నవ్వు రాదు.

వాన పడే రాత్రుళ్లు, పొయ్యి దగ్గర,
ఆ ఒక్క మాటలోంచి ఏవేవో బయటికి తీసేవాడు.
వాళ్లమ్మ పెళ్లినాటి భోషాణం, కసోనె,
దుప్పట్ల మడతల్లో క్విన్స్ పళ్ల వాసన.
చర్చి కప్పులో చదరం చదరంగా లోతైన గళ్లు,
అవీ పెట్టెలేనట, బోర్లా పడుకున్నవి.
చిన్నప్పుడు మెడ వెనక్కి వాల్చి లెక్కపెట్టేవాడు,
నలభై దాటకముందే ప్రసంగం అయిపోయేది.
తర్వాత అన్న ఎవాసియో, ఫిరంగి దళం,
మందుగుండు మోసే బండి. దానికీ అదే పేరు.
వెళ్లేటప్పుడు గుండ్లు మోసింది.
తిరుగుదారిలో ఎవాసియోని.

ఆ రాత్రి నేను కెటిల్ రెండోసారి పెట్టాను.
ఇంకేం అనాలో తోచలేదు.

నవంబరులో ఒక సాయంత్రం గుమ్మం దాటగానే
మోకాళ్ల మీద కూలబడ్డాడు.
ప్రార్థన అనుకుని టోపీ తీసి పక్కన పెట్టాను.
కాదు. కీళ్లలో నిప్పు.
ఆ జబ్బుకీ పెట్టె పేరే పెట్టారు, ఇంకో పేరు దొరకనట్టు.
మందేమిటంటే మళ్లీ దిగడం.
దిగితే పోయింది. ఎక్కితే వచ్చింది.
"నది నన్ను బాకీ కింద రాసుకుంది, జిల్రుత్తా" అన్నాడు,
నవ్వాడనే అనుకుంటాను.

వసంతానికి ఆ పెట్టె నిండా కాంక్రీటు పోశారు.
అతను గోడకానించి మరిచిన పార, ఎవరిదో చెప్పు,
పెదాల దగ్గరే ఆగిన ఈలలన్నీ
రాతి స్తంభం కింద ఉండిపోయాయి.
శుక్రవారం దాకా అద్దె లెక్కకట్టి ఇచ్చి
కుంటుకుంటూ ఇంకేదో నదికి వెళ్లాడు.
ఏ నదో చెప్పాడు. నేనే సరిగా వినలేదు.

ఇప్పుడు రైళ్లు పోతుంటాయి, అరల్లో పింగాణీ గలగలమంటుంది.
సూపు గిన్నె కడిగి బోర్లించేటప్పుడు
ఒక అంచు కింద చెంచా పెడతాను,
కాస్త సందు ఉండేలా.