బాన లోపల

కుతాయిసి సంతలో
బొండో ద్రాక్షసారాకి పతకం వచ్చింది.
ద్రాక్షను మెచ్చారు, కొండవాలును మెచ్చారు,
ఆ ఏటి ఎండను కూడా మెచ్చారు.
రసం ఆర్నెల్లు దేంట్లో మగ్గిందో
ఎవరూ అడగలేదు.

నేను బానలు కడిగేవాణ్ణి.
సన్నగా ఉన్నానని చిన్నప్పుడు దించారు,
ఇప్పటికీ దిగుతూనే ఉన్నాను,
నడుముకి తాడు, చేతిలో చెర్రీ బెరడు కుంచె.
మెడ దాకా భూమిలో పాతిన బాన.

కొవ్వొత్తి ఎత్తితే
గోడంతా చేతులు కనబడతాయి.
ఔతాండిల్ మట్టిని తాడులా పేని
రోజుకో బెత్తెడు లేపిన చుట్లు.
ఎడమ బొటనవేలు సగమే పడిన నొక్కులు,
మిగతా సగం రంపం తినేసిందట.
భుజం తిరిగేచోట ఒక్క నొక్కు మరీ లోతు:
ఆ పూట ఎందుకో తొందరపడ్డాడు.
పై చుట్టులో మళ్లీ నిదానించాడు.

అతను పోయి పదకొండేళ్లు.
ఉన్నన్నాళ్లూ అతని బానకి
అందరి బానలకిచ్చినంతే ఇచ్చారు,
అదీ విడతలుగా.
కారని బానను తవ్వి చూసేదెవరు?
కారితే కదా
కుమ్మరి పేరు నోట్లోకొచ్చేది, తిట్టుతో కలిసి.

కడగడం అయ్యాక కాసేపు ఊరికే కూర్చుంటాను.
అవసరం లేకపోయినా
వేలి కణుపుతో ఒకసారి కొడతాను.
గుమ్మంటుంది
నా చుట్టూ, నా పళ్లలో,
చాలాసేపు.

పైనుంచి బొండో అరుస్తాడు,
"ఉన్నావా, పోయావా?"
"ఇద్దరం ఉన్నాం" అంటాను.
అతనికి వినబడదు.
తాడు లాగుతాడు.