కేరాఫ్

రాత్రి పదకొండున్నర.
బోరబండ సైట్ త్రీ, మూడో అంతస్తు మీది రేకుల గదిలో
నా లాప్‌టాప్ కడుపులో ఇంకో కంప్యూటరుంది.
దానికి డిస్కు నేనే కోసిచ్చాను.
రెండు జీబీల జ్ఞాపకం నా లాప్‌టాప్ జ్ఞాపకంలోంచే తీసి పెట్టాను.
లేచింది. పేరడిగింది. చెప్పాను.
ఒక్కటే కొరత,
ఎవ్వరితోనూ మాట్లాడదు.

సెట్టింగుల్లో బ్రిడ్జ్ అనే పెట్టాను.
వంతెనెక్కినవాడు అవతల దిగాలి కదా,
ఇది ఎక్కినదాన్ని ఎక్కినచోటే నిలబెడుతోంది.

లోపల్నుంచి గేట్‌వేకి పింగ్ కొడితే ఉలుకూ పలుకూ లేదు.
బయట లాప్‌టాప్‌లోంచి కొడితే
అదే గేట్‌వే రెండు మిల్లీసెకన్లలో ఆఁ అంటుంది.

ఫైర్‌వాల్ ఆపాను. అడాప్టరు మార్చాను.
అన్ని రోగాలకీ జిందా తిలిస్మాత్‌లాగా
రీస్టార్టు కూడా పట్టించాను.
చూస్తే, నూట అరవై తొమ్మిదితో మొదలయ్యే అడ్రసొకటి
తనకు తనే పెట్టుకుని కూర్చుంది,
బారసాల చెయ్యని పిల్ల
తన పేరు తనే పెట్టుకున్నట్టు.

చివరికి పొట్లాం పొట్లాం విప్పి చూశాను.
లోపలిది అరుస్తూనే ఉంది: ఎవరైనా నాకో అడ్రసివ్వండి.
నాలుగు సెకన్లకోసారి, తర్వాత ఎనిమిది, పదహారు.
అరుపుకీ అరుపుకీ మధ్య ఎడం పెరుగుతోంది,
అడిగి అడిగి అలిసినవాళ్ళందరికీ పెరిగినట్టే.

కింద జంగయ్య సార్ ఇంట్లో ఫ్రిజ్ మీద రౌటరుంది.
నా వైఫై కార్డుకున్న పన్నెండక్షరాల నంబరు చూసి తలుపు తీసింది.
ఆ తలుపులోంచే ఇంకో మొహం తొంగిచూస్తే
నువ్వెవరమ్మా అని కూడా అడగదు.
గాలికి వదిలేస్తుంది.

"ఇంకా పండుకోలేదా అక్కా?"
సైదమ్మ లేచింది. తెల్లారి అయిదింటికి
ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిళ్ళు తీసే డ్యూటీ ఆమెది.
విషయం చెప్పాను.
"అంటె నా లెక్కనే గద" అని అటు తిరిగి పడుకుంది.

అగ్రిమెంటులో నా పేరొక్కటే.
మా చుట్టం, నాలుగు రోజులుండి పోతుంది సార్,
అని చెప్పి పద్నాలుగు నెలలు.
ఆమె బ్యాంకు కార్డు రెండుసార్లొచ్చి వెనక్కి పోయింది,
కవరు మీద నీలి సిరాతో: ఈ పేరుగలవారు లేరు.
ముప్పై ఆరు మెట్ల పైన
ఈ పేరుగల ఆమె అప్పుడు గిన్నెలు తోముతోంది.

న్యాట్ అని ఇంకో దారుంది.
అంటే కేరాఫ్.
ఉత్తరాలన్నీ నా పేరు మీద తెప్పించి లోపల పంచిపెట్టడం.
పనులన్నీ అవుతాయి,
బయటివాళ్ళెవరూ దాన్ని దాని పేరుతో పిలవలేరు, అంతే.
నాకేమో పిలిస్తే పలికే సర్వరు కావాలి.
కార్డుకి నా కేరాఫ్ రాయించుకోవే అని మొన్న సైదమ్మతో అన్నాను.
"ఎన్ని దినాలక్కా?" అంది.

ఆదివారం ప్యారడైజ్ దగ్గర దిగి సీటీసీలో
ముప్పై మీటర్ల కేబులు కొన్నాను, బేరమాడితే మూడొందల ఎనభై.
పిట్టగోడ మీంచి నేను వదిలితే సైదమ్మ కింద అందుకుంది.
బట్టల తీగ పక్కగా, ట్యాంకు పైపుకి కట్టి,
సార్ కిటికీ ఊచల్లోంచి లోపలికి.

"ఏందమ్మా గిది?"
"కేబులు సార్. నెట్టుకి."
"గది సరే, నువ్వెవలు?"

పైన్నుంచి నేనేదో అనబోయేలోగా
"నేను పైననే ఉంట సార్. యాడాది దాటింది" అంది సైదమ్మ.

సార్ చాలాసేపు కేబులు వైపే చూశాడు.
"ఎరుకనే. నీళ్ళ మోటరు ఎప్పుడో చెప్పింది నాకు.
నెలకు పన్నెండొందలు ఎక్కువియ్యాలె మరి."

రౌటరు వెనక క్లిక్కుమంది.
తీగ ఎవరి పేరూ అడగదు,
ఒక చివర ఇద్దరున్నా ఇద్దరినీ మోస్తుంది.
లోపలిదానికి అడ్రసొచ్చింది, చివరంకె ఇరవై మూడు.
ఫోన్లోంచి పిలిచి చూశాను.
పలికింది.

వెనకాల సైదమ్మ బ్యాంకువాళ్ళకి మూడోసారి అడ్రసు చెబుతోంది,
ఇంటి నంబరు, గల్లీ, పిన్‌కోడు.
"కేరాఫ్ ఏం లేదు సార్. ఉట్టి నా పేరే రాయుండ్రి."

వాన పడేలోగా
ఆ కిటికీ దగ్గర కేబులుకి టేపు చుట్టాలి.