బూట్లలో బటానీలు

చండీగఢ్ దాకా జనరల్ బోగీలో
మరుగుదొడ్డి తలుపుకి వీపు ఆనించి వచ్చాను.
టికెట్ వెనక పెన్సిల్ లెక్క:
టీ పది, అరటిపళ్లు ఇరవై,
మనాలిలో అద్దె బండికి రోజుకి తొమ్మిదొందలు,
హారన్ మోగనందుకు యాభై తగ్గించాడు.

కుంజుమ్ కనుమ దిగి లోసర్ చేరబోతుంటే
గొలుసు తెగింది.
వేళ్లు నావి కావు, చలివి.

బటానీ చేలోంచి లేచి వచ్చింది యాంగ్‌జిన్ బుతిత్.
బండిని కాదు, ముందు నా చెవులు చూసింది.
ఆమె హిందీ, నా హిందీ
రెండూ కుంటివే, ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి.
ఉప్పు టీ రెండోసారి పోసేలోపు
మరిది గొలుసు అతికించేశాడు.

డబ్బు తీస్తే చెయ్యి అడ్డం పెట్టి
లోపల్నుంచి ఓ జత బూట్లు తెచ్చింది.
కొడుకు నోర్‌ఫెల్, కాజా హాస్టల్లో ఆరో తరగతి.
మంచు కరగకముందు దారంతో కొలిచిన పాదం.
"పెరిగుంటాడా?"
నన్నడిగింది, వాణ్ణెప్పుడూ చూడని నన్ను.
బూట్ల నిండా పచ్చి బటానీలు కూరింది.

ట్యాంకు మీద కట్టుకుని
వాగు తర్వాత వాగు.
నేను మోకాళ్లదాకా తడిశాను,
వాటిని తడవనివ్వలేదు.

వాడు తొడుక్కున్నాడు. బిగుతు.
"సరిపోయాయని చెప్పు" అన్నాడు,
నేను అటు తిరిగి వెళ్లనని తెలీక.
గట్టు మీద కూర్చోబెట్టి
బటానీలు సగం నాకిచ్చాడు,
కాయ కాయా లెక్కపెట్టి.